సూదక్క సెలవులకు వెళ్ళిన దీవి

సూదక్క అనే పేరు కుట్టుపని వల్ల వచ్చిందని ఆ వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు అనుకుంటారు. కాదు. పుట్టినప్పుడు పుల్లలా ఉందని మేనమామ పెట్టిన ముద్దుపేరు అది. కుట్టుపని తర్వాతెప్పుడో వచ్చి ఆ పేరుకు అతుక్కుంది.

సైకిళ్ళు బాగుచేసే కొట్టుకూ మందుల దుకాణానికీ నడుమ, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒరగాల్సినంత ఇరుకు గది ఆమె దుకాణం. గుమ్మం దగ్గర కాలితో తొక్కే మిషను, వెనకగోడకి ఇస్త్రీ బల్ల, నెత్తిమీద తీగకి వేలాడే యూనిఫాంలు. బస్సు డ్రైవర్లవి, నర్సులవి, బడిపిల్లలవి. వెనక తలుపు తీస్తే రెండు గదుల ఇల్లు. ఊళ్ళో ఆమె గురించి అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది: ఉతకని బట్ట ముట్టుకోదు. ఎంతటివాళ్ళు తెచ్చినా వేలితో ఎత్తి చూసి, "ఉతికి తెండి, అప్పుడు కొలత చూస్తా" అని తిప్పి పంపేది. చంకల దగ్గర పసుపు మరకలు, కాలరు మీద జిడ్డు, జేబుల్లో ముక్కు తుడుచుకున్న కాగితాలు. మనుషుల మురికి ఆమెకు బాగా తెలుసు. తెలిసినా ఒకరి మురికి ఇంకొకరి దగ్గర ఎత్తేది కాదు. అంత నమ్మకస్తురాలు.

ఆమె భర్తను వీధంతా మేనేజరు గారు అనేది. సరుకుల గోడౌనులో మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయినా పేరు పోలేదు. సాయంత్రమయ్యేసరికి దుకాణం మెట్టు మీద కూర్చుని, దారినపోయేవాణ్ణి పిలిచి మరీ కబుర్లు చెప్పేవాడు. చిన్న అబద్ధాలు ఆయనకు మంచినీళ్ళ ప్రాయం. సూదక్క ఎవరి బట్టలైనా టైముకి కుట్టలేకపోతే, వాళ్ళు గుమ్మమెక్కకముందే లేచి, "పాపం, రాత్రి నుంచి మా ఆవిడకి ఒకటే జ్వరమండీ" అనేవాడు. వచ్చినవాళ్ళు "అయ్యో" అనుకుంటూ వెళ్ళిపోయేవారు. తెర వెనక సూదక్క నవ్వు ఆపుకునేది. ఒకసారి రైలు టిక్కెట్ల వరసలో ముందుకు పోవడానికి బతికున్న మేనత్తను చంపేశాడు. ఆ మాట తలుచుకుని ఇద్దరూ ఎన్నాళ్ళో నవ్వుకున్నారు. మొగుడికి నోరుంది, తనకి చెయ్యి ఉంది, సంసారానికి అంతకంటే ఏం కావాలి అనుకునేది.

ఆ ఇద్దరూ ఎప్పుడూ ఎక్కడికీ సెలవులకు వెళ్ళినవాళ్ళు కారు. ఆ ఏడాది చలికాలంలో చెల్లెలి మొగుడు, బ్యాంకులో చేసే మరిది, ఎక్కడో చదివి పట్టుకొచ్చాడు ఆ దీవి సంగతి.

"వదినా, కారు లేదు, హోటలు లేదు, టీవీ లేదు. సిమెంటు రోడ్డు కూడా లేదు. మనిషి చెయ్యి పడని చోటు. పాడవకముందే చూసి రావాలి" అన్నాడు.

"టీవీ లేకపోతే బావగారు ఏమైపోతారో!" అంది చెల్లెలు.

"నేనుండగా టీవీ ఎందుకమ్మా" అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. అలా ఖాయమైంది.

ముందు పెద్ద లాంచీలో, తర్వాత చిన్న పడవలో వెళ్ళాలి. చిన్న పడవ నడిపేవాడు నల్లగా, పొట్టిగా, మాట తక్కువ మనిషి. అతని భార్యే ఆ దీవిలో అద్దె గదులు నడిపేది. ఊరని చెప్పడానికి రేవు పక్కన పదో పన్నెండో చెక్క ఇళ్ళు. నేలకి ఆనకుండా గుంజల మీద కట్టినవి. వెనక సరుగుడు తోపు, తోపు నడుమ ఇసక బాట. వానను పట్టి దాచిన నీళ్ళే తాగడానికీ, స్నానానికీ. చీకటి పడ్డాక కాసేపు ఇంజను తిప్పి దీపాలు వెలిగిస్తారు. అందుకే పొద్దు ఉండగానే భోజనాలు. రేవు చివర ఎత్తయిన చెక్క మంచె, దాని కింద గార్డు గది. దీవికి అవతలి కొసన పక్షులు నేలమీదే గుడ్లు పెడతాయి. అక్కడ తాడు కట్టి ఉంటుంది. అది దాటకూడదు. దీవిలో ఉన్న నిబంధన అదొక్కటే. గదుల ఆవిడ తాళంచెవి ఇస్తూనే చెప్పింది.

"చూడాలంటే మా ఆయన పడవలో తీసుకెళ్తాడమ్మా. దూరం నించే చూడాలి. మనిషి కాలు పెడితే గుడ్లన్నీ పోతాయి. మాకు కూడా పడవ పర్మిట్టు పోద్ది."

మొదటి పొద్దు సూదక్క అందరికంటే ముందు లేచి సముద్రానికి వెళ్ళింది. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, మోకాళ్ళ లోతులో నిలబడితే కాలి గోళ్ళు కనిపిస్తున్నాయి. చల్లటి గాలి. ఒడ్డున ఒక చెప్పు లేదు, సీసా లేదు, కాగితం ముక్క లేదు. బతుకంతా ఒకరి మురికి మధ్య కూర్చున్న మనిషి. అక్కడ ముక్కు నిండా గాలి పీల్చుకుంటే ఉప్పు తప్ప ఇంకే వాసనా తగల్లేదు. నవ్వొచ్చింది ఆమెకు. ఎవరూ చూడటం లేదని చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, చిన్నపిల్లలా నీళ్ళు తన్నుకుంటూ చాలాదూరం నడిచింది.

తిరిగి గదికి వచ్చేసరికి మేనేజరు గారు లేచి ఉన్నాడు. అరుగు మీద నిలబడి గొంతులోని కఫాన్నంతా పైకి లాగి, తుపుక్కున ఇసకలో ఉమ్మాడు.

ఆ పని ఆయన పాతికేళ్ళకి పైగా రోజూ చేస్తున్నదే. ఇంటి దగ్గర ఆ వేళకి పాలబండి మోత, సైకిలు కొట్టువాడి సుత్తి, రోడ్డు మీద బస్సులు. ఇక్కడ మరో శబ్దం లేదు. ఆ లాగడమూ, ఆ ఉమ్మడమూ సరుగుడు తోపు దాకా వినబడినట్టనిపించింది. తెల్లటి ఇసకలో అది అలాగే మెరుస్తూ ఉంది. సూదక్క కాలితో ఇసక తోసి కప్పేసింది.

అది మొదలు. చెక్క గోడల గదిలో ఆయన తప్ప చూడటానికీ వినడానికీ ఇంకేమీ లేకపోయింది. అగ్గిపుల్లతో పళ్ళు కుట్టుకుని, దాని కొసను చూసుకుని, మళ్ళీ నోట్లో పెట్టుకునేవాడు. పళ్ళెంలో తనది అయిపోతే పక్కవాళ్ళ పళ్ళెంలోంచి వేళ్ళతో ఏరుకునేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ముక్కులో వేలుపెట్టి, ఆ వేలు కుర్చీ చేతి కింద తుడిచేవాడు. ఇవన్నీ ఆమెకు తెలియనివా? తెలిసినవే. కానీ తీగ మీద వేలాడే బట్టను ఎవరో దింపి వెలుతురులో తిరగేసి చూపించినట్టుంది.

"ఏవండీ, చేతులు కడుక్కుని రండి" అంది ఓసారి, మెల్లగా.

"సెలవులకొచ్చి కూడా చేతులు కడగాలా? తమ్ముడుగారూ, చూశారా మీ వదిన! సముద్రాన్ని కూడా ఉతికి ఆరేస్తుంది."

మరిది పడీపడీ నవ్వాడు. చెల్లెలు కూడా. సూదక్క నవ్వలేదు. తనే మరీ చాదస్తం పోతున్నానేమో అనుకుంది. మొగుడి మీద అంత రోత పుట్టడం ఆమెకే సిగ్గుగా ఉంది. పొద్దున్నే సముద్రానికి పోయి, ఆకలి వేసేదాకా తిరిగొచ్చేది కాదు.

ఇక రెండు రోజుల్లో తిరుగు ప్రయాణమనగా పక్షుల్ని చూడటానికి బయలుదేరారు. పడవ దీవిని చుట్టి అవతలి కొసకు వచ్చింది. ఒడ్డంతా తెల్లగా పక్షులు. రొద చెవులు దిబ్బెళ్ళు పడేలా ఉంది. కంపు కూడా అంతే. సూదక్క ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఉప్పు తప్ప వాసన తెలియని దీవిలో ఈ రెట్టల కంపేమిటా అని మొహం చిట్లించింది. పక్షుల మీద ఆమెకు ప్రేమ పొంగిపోయిందేమీ లేదు.

"ఇంత దూరం నించి ఏం కనబడతాయయ్యా? ఇసకలో ఉప్పు చల్లినట్టుంది" అన్నాడు మేనేజరు.

"ఇంతకంటే దగ్గరికి పోకూడదు సార్" అన్నాడు పడవాయన.

మేనేజరు తాడు కట్టిన వైపు చూశాడు. ఆ తర్వాత పొట్ట పట్టుకున్నాడు. "అబ్బా... బాబూ, కాస్త ఒడ్డుకి పెట్టవయ్యా, ఆగలేను. పొద్దున తిన్నది పడలేదు."

"ఆ రాయి దాటాక దించుతాను సార్, ఇక్కడ దిగకూడదు."

"అంతసేపు ఆగితే నీ పడవే కడుక్కోవాలి మరి!"

పడవాయన అటూ ఇటూ చూశాడు. ముసలాయన మొహం చూస్తే జాలేసింది కాబోలు, రాయి పక్కకి పడవ పోనిచ్చాడు. "ఈ రాయి చాటునే కానివ్వండి సార్. తాడు దాటకండి. త్వరగా రండి" అన్నాడు.

మేనేజరు మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు. రాయి చాటుకి వెళ్ళాడు. మరుక్షణం అవతల తేలాడు. పొట్టా లేదు, నొప్పీ లేదు. పడవ వైపు తిరిగి కన్నుగీటి, తాడు మీంచి కాలు ఎత్తి అవతల వేశాడు.

"సార్! సార్, వద్దు!" పడవాయన కేకపెట్టాడు. అలలకి పడవ ఊగుతోంది. గెడ వదిలితే రాయికి కొట్టుకుంటుంది. దిగే వీల్లేదు.

"ఏవండీ! వెనక్కి రండి!" సూదక్క అరిచింది.

"తమ్ముడుగారూ, ఫోటో! ఫోటో తియ్యండి!" అంటూ ఆయన రెండు చేతులూ ఎత్తి చప్పట్లు చరుస్తూ పరిగెత్తాడు.

దుప్పటి దులిపినట్టు ఒడ్డంతా ఒక్కసారి లేచింది. ఆకాశం కనబడలేదు. మేనేజరు ఆ తెల్లటి తుఫాను నడుమ పిల్లాడిలా గంతులేస్తున్నాడు. మచ్చల గుడ్లు గులకరాళ్ళలో కలిసిపోయి కనబడవు. ఆయన ఎక్కడ అడుగుపెట్టినా చెప్పు కింద చితుకుతున్నాయి. అప్పుడు దిగాయి, ఎక్కడ కాచుకుని ఉన్నాయో, బూడిదరంగు పెద్ద పక్షులు. తల్లులు గాల్లో ఉండగానే గుడ్లు పొడిచాయి. అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్లల్ని కాళ్ళు కొట్టుకుంటుండగానే మింగాయి. ఒక పిల్ల ఆ పెద్ద పక్షి మెడలోంచి కిందికి దిగడం సూదక్క కళ్ళారా చూసింది. ఎన్ని పోయాయో! అంతా కలిపి ఒక పాట పాడేంతసేపు కూడా పట్టలేదు.

మేనేజరు ఆయాసపడుతూ వచ్చి పడవెక్కాడు. చెమటలు కారుతున్నాయి. మొహం వెలిగిపోతోంది. "చూశారా! అదీ చూడటమంటే! ఇంతోటి దానికి తాళ్ళూ, కాపలాలూ!" అంటూ బల్ల మీద కూలబడ్డాడు. చప్పున ఏదో చిట్లింది. కుడిజేబు మీద తడి పాకింది. "ఛ! గుర్తుగా ఉంటుందని ఒకటి పట్టుకొచ్చాను, అదీ పగిలింది" అని నవ్వాడు. జేబులో చెయ్యిపెట్టి తీసి, జిగురుగా ఉన్న వేళ్ళను పడవ అంచుకు తుడిచాడు. తర్వాత తువ్వాలు తీసి ఒళ్ళో కప్పుకున్నాడు.

పడవాయన పడవను రేవు వైపు తిప్పాడు. అతని గెడ నీళ్ళలో పడే తీరు మాత్రం మారింది.

రేవులో గార్డు నిలబడి ఉన్నాడు, చుట్టూ ఊళ్ళోవాళ్ళు. పక్షులు లేవడం మంచె మీంచి చూశాడు. "ఎవరు దిగారు?" అన్నాడు.

పడవాయన నోరు తెరిచేలోగా మేనేజరే మొదలుపెట్టాడు. దుకాణం మెట్టు మీద కూర్చుని మాట్లాడేటప్పటి గొంతే అది. అంత తియ్యగా, అంత బాధగా.

"ఏం చెప్పమంటారు సార్. మేము వద్దంటే వద్దన్నాం. గుడ్లు పట్టుకొస్తా, ఊరికి తీసుకెళ్ళండి, ఎంతో కొంత ఇద్దురుగానని ఇతనే దిగాడు. పెద్దవాళ్ళం, ఆడవాళ్ళతో ఉన్నాం, ఆపలేకపోయాం."

పడవాయన కళ్ళప్పగించి చూశాడు. "సార్! నేను పడవ దిగనే లేదు సార్!"

"మరి పడవ ఒడ్డుకి పెట్టావా, లేదా?" అన్నాడు గార్డు.

"పెట్టాను, కానీ..."

"పెట్టావు కదా!"

గార్డు మరిది వైపు తిరిగాడు. మరిది నీళ్ళు నమిలాడు. "అంటే... అన్నయ్యగారు చెప్పినట్టే సార్... మేం అటు చూడలేదు." చెల్లెలు ఇసకలోకి చూస్తూ నిలబడింది.

సూదక్క చెప్పాలనుకుంది. నోరు తెరిస్తే మాట రాలేదు, కడుపులో ఉన్నదంతా వచ్చింది. రేవు అంచున వంగి భళ్ళున కక్కుకుంది. "పడవ పడలేదు పాపం, మా ఆవిడకి" అన్నాడు మేనేజరు వెనక నుంచి. ఆమె మొహం తుడుచుకుని తలెత్తేసరికి పడవాయన్ని వెంటబెట్టుకుని గార్డు వెళ్ళిపోతున్నాడు. అరుగు మీద నిలబడి గదుల ఆవిడ అటే చూస్తోంది.

గదిలోకి రాగానే మేనేజరు పంట్లాం విప్పి సూదక్క వైపు విసిరాడు. "కాస్త నీళ్ళలో జాడించు. వాసనొస్తోంది."

అది ఆమె కుట్టిన పంట్లామే. కుడిజేబు తిరగేసింది. పెంకుల నడుమ పచ్చసొన లేదు. తడిసి అంటుకుపోయిన నూగు, అగ్గిపుల్ల కొసంత ముక్కు, మూతపడిన నల్లటి కన్ను ఉన్నాయి. పుట్టడానికి ఎన్నో రోజులు లేని పిల్ల.

"అబ్బ, చూస్తూ కూర్చుంటావేం! పారెయ్యి."

"ఎందుకలా చెప్పారు?" అంది.

"ఏం చెప్పాను?"

"ఆ పడవాయన దిగాడని."

"నువ్వొకత్తివి! నేనే దిగానంటే నన్ను ఊరుకుంటారా? అతను ఈ ఊరివాడు. వాళ్ళూ వాళ్ళూ ఒకటి. నాలుగు రోజులు గొణుక్కుని వదిలేస్తారు. మనం మళ్ళీ వీళ్ళ మొహాలు చూస్తామా ఏంటి?"

"పర్మిట్టు పోతుందని చెప్పింది కదా ఆవిడ."

"ఆ, చెబుతారు. భయపెట్టడానికి" అని ఆయన మంచం మీద వాలి కళ్ళు మూసుకున్నాడు. వెంటనే గురక. సూదక్క పంట్లాం పట్టుకుని బకెట్టు దగ్గరికి నడిచింది. నీళ్ళ మీదికి వంగింది. చేతులు ముందుకు పోలేదు. పంట్లాం మడిచి బకెట్టు పక్కన పెట్టి, వట్టి చేతులు మాత్రం కడుక్కుంది, మళ్ళీ మళ్ళీ.

భోజనాల వేళ నలుగురూ బల్ల ముందు కూర్చున్నారు. గదుల ఆవిడ వడ్డించింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. గార్డు గది దగ్గరికి వెళ్ళి వచ్చింది, మొగుడు జరిగింది చెప్పకుండా ఉంటాడా? ఆమెకంతా తెలుసు. అయినా గరిటె తొణక్కుండా అందరికీ సమంగా వడ్డించింది. ఉన్న నాలుగు గదుల్లో రెండింట్లో వీళ్ళే ఉన్నారు. కోపం చూపించే వీలు ఆమెకెక్కడిది!

మరిది, చెల్లెలు తలలు వంచుకుని తింటున్నారు. మేనేజరు మాత్రం రెండోసారి అడిగి వేయించుకున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని, ఆమె వైపు చూసి, జాలిగా తల ఊపాడు.

"బాధపడకమ్మా. మీ ఆయన మంచివాడే. ఏదో ఆశపడ్డాడు, పాపం. నేను కూడా గార్డుకి ఓ మాట చెబుతాలే, చూసీచూడనట్టు వదిలెయ్యమని."

గదుల ఆవిడ గరిటె గిన్నెలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

సూదక్కకు ఒళ్ళు జలదరించింది. పొద్దున చితికిన గుడ్లు చూసినప్పుడు కూడా ఇంత కాలేదు. మెట్టు మీది తియ్యటి గొంతు, జ్వరమొచ్చిందన్న గొంతు, మేనత్త పోయిందన్న గొంతు. ఇన్నేళ్ళూ తెర వెనక నవ్వుతూ తాను విన్న గొంతు. ఆయన మూతికి అంటుకున్న మెతుకు కదులుతోంది. ఆ నోటిని ఇంకొక్క నిమిషం చూస్తే మళ్ళీ కక్కుకుంటాననిపించింది. తన పళ్ళెం ముట్టుకోకుండానే లేచింది.

"ఎక్కడికక్కా?" అంది చెల్లెలు.

సూదక్క ఆగలేదు. గదిలోకి వెళ్ళి బకెట్టు పక్కన ఉన్న పంట్లాం తీసుకుంది. ఎండ ఇంకా సరుగుడు చెట్ల మొదళ్ళ మీద ఉంది. ఇసక బాటలో అంత వేగంగా ఆమె ఎప్పుడూ నడిచి ఉండదు.

గార్డు గదిలో పడవాయన మూలన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. సూదక్క పంట్లాన్ని గార్డు ముందు పెట్టింది. వాసనకి అతను వెనక్కి జరిగాడు.

"ఏంటమ్మా ఇది?"

"మా ఆయన పంట్లాం. ఉతకలేదు. కుడిజేబు చూడండి."

గార్డు పెన్సిలుతో జేబు తెరిచి చూశాడు. 

"తాడు దాటింది మా ఆయనే" అంది సూదక్క. "కడుపునొప్పని చెప్పి ఈయన చేత పడవ ఒడ్డుకి పెట్టించాడు. ఈయన వద్దు వద్దని అరుస్తూనే ఉన్నాడు. మా చెల్లెలూ మరిదీ కూడా చూశారు. వాళ్ళు చెప్పరు. నేను చెబుతున్నాను."

"పొద్దున చెప్పలేదేం?"

"నోరు రాలేదు" అంది. 

ఆ తర్వాత జరిగినదంతా గబగబా జరిగిపోయింది. గార్డు వచ్చి మేనేజర్ని అడిగాడు. మేనేజరు ముందు నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు, ఆ తర్వాత "మా ఆవిడకి పడవ ప్రయాణంలో బుర్ర తిరిగిందండీ, ఏదేదో అంటోంది" అన్నాడు. గార్డు పంట్లాం చూపించాడు. అప్పుడు మరిది గోడవైపు చూస్తూ, "అవునండీ, అన్నయ్యగారే దిగారు" అని ఒప్పుకున్నాడు. జరిమానా వేశారు. మర్నాడు పొద్దున సరుకుల పడవలో నలుగురూ దీవి వదిలి వెళ్ళాలన్నారు. పడవాయనను మందలించి వదిలేశారు, పర్మిట్టు పోలేదు.

పొద్దున రేవులో సూదక్క పడవాయన దగ్గరికి వెళ్ళింది. ఏదో చెప్పాలనే వెళ్ళింది. అతను తాడు చుడుతూ తలెత్తకుండానే అన్నాడు:

"రేవులోనే చెప్పుంటే బాగుండేదమ్మా. ఊరంతా ఉన్నారప్పుడు. నన్ను దొంగలా నడిపించుకుంటూ తీసుకుపోతుంటే మా ఆవిడ చూసింది. తర్వాత మీరు గదిలో చెప్పింది ఎవరు విన్నారు?"

సూదక్క తల వంచుకుంది. అతని మాటలో తప్పేముంది? దండం పెట్టి పొగుడుతాడని ఆమె రాలేదు. అయినా ఆ మాట పంటి కింద రాయిలా అలాగే ఉండిపోయింది.

లాంచీలో చెల్లెలు పక్కకు వచ్చి కూర్చుంది. "నీకేమైనా మతిపోయిందా అక్కా? ఒక గుడ్డు కోసం కట్టుకున్నవాణ్ణి పట్టిస్తారా ఎవరైనా? మా ఆయనకి ఎంత తలవంపులు!"

"గుడ్డు కోసం కాదే."

"మరి?"

సూదక్క కొంగు సర్దుకుని నీళ్ళ వైపు తిరిగింది. అప్పట్నుంచి చెల్లెలు వాళ్ళింటికి రావడం తగ్గించింది.

ఊరు చేరిన మర్నాటి నుంచే మేనేజరు మెట్టు మీద కథ మొదలుపెట్టాడు. ఆ కథలో ఆయన వట్టి అమాయకుడు. మూత్రానికి దిగితే పక్షులు మీద పడ్డాయి. తప్పించుకోబోతే ఒక గుడ్డు ఎలాగో జేబులో పడింది. జాలిగుండె గల పెళ్ళాం పక్షుల బాధ చూడలేక గార్డు దగ్గరికి పరిగెత్తింది. వీధంతా విరగబడి నవ్వింది. సైకిలు కొట్టువాడైతే రెండోసారి చెప్పించుకున్నాడు. లోపల మిషను తొక్కుతూ సూదక్క ప్రతి మాటా వింది. తెర తీసి బయటికొచ్చి, "అదంతా అబద్ధం" అంది. అందరూ ఆమె వైపు తిరిగారు. "చూశారా!" అన్నాడు మేనేజరు. మళ్ళీ నవ్వులు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన బట్టలు ఉతకడం మానేసింది. దెబ్బలాడలేదు, చెప్పలేదు, మానేసిందంతే. కొన్నాళ్ళు ఆయన కుప్ప పోసి చూశాడు. తర్వాత తనే ఉతుక్కున్నాడు, సబ్బు నురగ పోకుండానే ఆరేసుకుంటూ. వంట చేసి బల్ల మీద పెట్టేది, ఎదురుగా కూర్చునేది కాదు. మంచం దుకాణంలోకి, ఇస్త్రీ బల్ల పక్కకి మార్చుకుంది. ఏవండీ అన్న పిలుపు ఆ దీవిలోనే ఆగిపోయింది. ఆయనతో అవసరమైనంతే, ముక్తసరిగా, మొహం చూడకుండా మాట్లాడేది.

ఆయన ఊరుకోలేదు. పళ్ళు తెచ్చాడు. జోకులు వేశాడు. ఒకనాడు గుమ్మం దగ్గర నిలబడి, నిజంగానే దిగులుగా, "ఎన్నాళ్ళే ఇలా? కోపం తగ్గదా?" అని అడిగాడు.

"కోపం కాదు" అంది సూదక్క. "కోపమైతే బాగుండేది. మిమ్మల్ని చూస్తే నాకు అసహ్యంగా ఉంది."

ఆయన మొహం పాలిపోయింది. ఏదో సరసమాడబోయి, మాట దొరక్క వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం మెట్టు మీద ఆయన గొంతు వినిపించలేదు. ఆమెకు కాస్త జాలి కలిగింది. అసహ్యం మాత్రం పోలేదు. పోగొట్టుకోవాలని ఆమె కూడా ప్రయత్నించకపోలేదు. ఆయనకు జబ్బు చేసినప్పుడు మందులిచ్చింది, నుదుటి మీద తడిగుడ్డ వేసింది. వేసి, నేరుగా వెళ్ళి చేతులు కడుక్కుంది.

దుకాణంలో ఇంకో మార్పు వచ్చింది. బట్టలు ఆలస్యమైతే మేనేజరు "జ్వరం" అని మొదలుపెట్టేలోగానే లోపలి నుంచి సూదక్క, "జ్వరం లేదు, ఏమీ లేదు, కుట్టలేదంతే. ఎల్లుండి రండి" అనేది. కొందరికి ఆ మాట తిక్కగా తోచింది. ఇద్దరు ముగ్గురు నర్సులు వేరే దర్జీని చూసుకున్నారు.

రెండు చలికాలాలు గడిచాక ఒకరోజు మందుల దుకాణం వాళ్ళ కొత్తకోడలు పొడుగైన గౌను ఒకటి పట్టుకొచ్చింది, అంచు పైకి మడిచి కుట్టాలని. ఉతికి, ఇస్త్రీ చేసి మరీ తెచ్చింది.

"దీవికి వెళ్తున్నాం అత్తయ్యా. మీరు వెళ్ళొచ్చారటగా! నీళ్ళలో నిలబడితే కాళ్ళు కనిపిస్తాయట కదా, నిజమేనా?"

"నిజమే" అంది సూదక్క, ఆ అమ్మాయికి గౌను తొడిగించి, నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని అంచు కొలుస్తూ. "కాలి గోళ్ళు కూడా కనిపిస్తాయి. పొద్దున్నే లేచి వెళ్ళు, ఎవరూ ఉండరు. చాలా బాగుంటుంది."

"పక్షులు కూడా ఉంటాయటగా?"

"ఉంటాయి. దూరం నించే చూడాలి. కంపు కొడతాయి." పెదాల మధ్య ఉన్న గుండుసూదులు తీసి అంచుకి గుచ్చింది. "పడవ నడిపే ఆయన భార్యవే గదులు. మంచివాళ్ళు. అక్కడే దిగండి."

ఆ అమ్మాయి అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుంది. "మీరు చెప్పారని చెప్పనా అత్తయ్యా?"

సూదక్క అంచుకి ఇంకో గుండుసూది గుచ్చింది.

"వద్దులే" అంది. "నిటారుగా నిలబడు, కొలత తప్పుతుంది."